పాప జీన్ రిపోర్టులో 'క్లాడిన్-16' అని రాసినారు, ఎవరికైనా తెలుసా?

పెనుకొండ_కోట | సోమవారం, రాత్రి 10:40

అందరికీ నమస్కారం. మేము బెంగళూరు మారతహళ్లిలో ఉంటాము, సొంతూరు పెనుకొండ పక్కన పల్లె. మా పాపకు 8 ఏండ్లు. పోయిన నెల స్కూల్లో వేళ్లు కొంకర్లు పోయి, అట్లనే పడిపోయి ఫిట్స్ వచ్చినాయి. ఆస్పత్రిలో రక్తం చూస్తే మెగ్నీషియం 0.9. అది 1.7కి తగ్గకూడదంట. కాల్షియం కూడా కొంచెం తక్కువే. స్కానింగ్‌లో రెండు కిడ్నీల్లోనూ సున్నం పట్టినట్టు తెల్లగా కనపడింది. మూత్రంలో మాత్రం కాల్షియం చానా పోతాందన్నారు.

ఇప్పుడు తలుచుకుంటే రెండేండ్లుగా అన్నీ కండ్ల ముందరే ఉన్నాయి. ఎప్పుడూ దాహం. స్కూలుకు రెండు బాటిళ్లు కట్టించినా చాలవు. రాత్రి మూడు నాలుగు సార్లు లేస్తుంది, ఒక్కోసారి పక్క తడిపేస్తుంది. ఇంత పెద్దపిల్లవి ఇదేం పని అని నేనే తిట్టినా. అది గుర్తొస్తే అన్నం దిగడం లేదు. అప్పుడు ఒక చోట చూపిస్తే షుగర్ లేదు, పెద్దయితే అదే పోతుందని పంపించేసినారు.

నిన్న జీన్ రిపోర్టు వచ్చింది. సీఎల్‌డీఎన్16 (అంటే క్లాడిన్-16 జన్యువు), హోమోజైగస్ అని ఉంది. దాని కింద 'టైట్ జంక్షన్ ప్రోటీన్' అని ఒక లైను. డాక్టరు గారు ఓపిగ్గానే చెప్పినారు, మేము తలూపి వచ్చేసినాము. ఇంటికొచ్చినాక మా ఆయనకూ నాకూ ఒక్క ముక్క గుర్తు లేదు. ఈ ప్రోటీన్ ఏం పని చేస్తుంది? అది బాగలేకపోతే కిడ్నీలో సున్నం ఎందుకు పడుతుంది? ఎవరైనా మాకు అర్థమయ్యేటట్టు చెప్పండి.

ఇంకోటి దాచకుండా చెప్పాలి. మాది మేనరికం. మా ఆయన మా అమ్మకు సొంత తమ్ముడు.

అడయార్_తెలుగు | మంగళవారం, ఉదయం 6:15

అమ్మా, నేను చెన్నైలో పిల్లల కిడ్నీ జబ్బులు చూస్తాను. పాప ఫైలు నా దగ్గర లేదు కాబట్టి మందుల విషయంలో మీ డాక్టరు మాటే మాట. జబ్బు సంగతి చెబుతాను.

ముందు ఒక మాట. పక్క తడపడం పాప తప్పు కాదు. సున్నం పట్టిన కిడ్నీ మూత్రాన్ని చిక్కబరచలేదు, నీళ్లు వచ్చినవి వచ్చినట్టే పోతాయి. పోయిన నీళ్ల కోసమే ఆ దాహం.

పెద్దవాళ్ల కిడ్నీలు రోజుకు సుమారు 180 లీటర్ల ద్రవాన్ని వడగడతాయి. మూత్రంగా బయటికొచ్చేది లీటరున్నర, రెండు లీటర్లు. మిగతాదంతా వెంట్రుక కన్నా సన్నటి గొట్టాల్లో నడుస్తూ నడుస్తూ మళ్లీ రక్తంలో కలుస్తుంది. మెగ్నీషియం కూడా వడకట్టినదాంట్లో దాదాపు 95 శాతం వెనక్కి రావాలి. అందులో పెద్ద వాటా, అంటే 60 నుంచి 70 శాతం, ఒకే ఒక్క చోట వెనక్కొస్తుంది. హెన్లే మెలిక అని ఉంటుంది, గొట్టం కిందికి దిగి మళ్లీ పైకెక్కే చోటు. ఆ పైకెక్కే మందపాటి భాగం అన్నమాట.

గొట్టం గోడంతా కణాలు పక్కపక్కన నిలబడి ఉంటాయి. లోపలి సరుకు రక్తంలోకి పోవాలంటే కణాన్ని దాటుకుని పోవచ్చు, లేదా రెండు కణాల నడిమి సందులోంచి పోవచ్చు. ఆ సందు పైభాగంలో కణాలు ఒకదాన్నొకటి నడుంపట్టీలాగా చుట్టి పట్టుకుంటాయి. అదే టైట్ జంక్షన్. నేను చెప్పిన ఆ చోట మెగ్నీషియం, కాల్షియం కణంలోంచి కాకుండా ఈ సందులోంచే పోతాయి. ఆ సందులో వాటికి దారి ఇచ్చేవాటిలో ముఖ్యమైనది క్లాడిన్-16. పాపకు అది పనిచేయడం లేదు. దారి లేక రెండూ మూత్రంలోకి పోతున్నాయి. మెగ్నీషియం పోయి రక్తంలో తగ్గింది, నరాలు అదుపు తప్పి ఫిట్స్ వచ్చాయి. కాల్షియం ఏళ్ల తరబడి అదేపనిగా పోతూ కిడ్నీ కండలోనే గడ్డకట్టింది.

చాలా అరుదైన జబ్బు. నా సర్వీసులో చూసినవాళ్లను వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు.

మదనపల్లె_మామ | మంగళవారం, ఉదయం 8:02

అమ్మాయీ, ధైర్యంగా ఉండు. మారతహళ్లి అంటున్నావు, అక్కడ ట్యాంకరు నీళ్లూ బోరు నీళ్లే గదా. గిన్నెలకు తెల్లగా పట్టే ఆ ఉప్పు కిడ్నీలో పట్టదా? మా ఇంట్లో ఇద్దరికి రాళ్లుంటే అరటి దూట రసం, ఉలవకట్టు ఇచ్చినాము, పడిపోయినాయి. పాలు, పెరుగు కొన్నాళ్లు మానిపించి చూడు. సున్నం తగ్గుతుంది.

అడయార్_తెలుగు | మంగళవారం, ఉదయం 8:50

మామగారూ, మీరు పాప మీద ప్రేమతో చెప్పారు. అయినా ఇక్కడ ఆగాలి. ఇది గొట్టంలో దొర్లే రాయి కాదు, కడిగితే పోవడానికి. కిడ్నీ కణజాలంలోనే కాల్షియం ఇంకిపోయింది. బోరు నీళ్ల వల్ల రాలేదు, కావేరి నీళ్లు తాగినా వచ్చేదే.

అరటి దూట రసంలో పొటాషియం ఉంటుంది. కిడ్నీ బలం తగ్గిన పిల్లకు అది డాక్టరును అడక్కుండా ఇవ్వకూడదు. పాలు, పెరుగు మానిపించడం ఇంకా ప్రమాదం. కాల్షియం ఇప్పటికే కారిపోతున్న పిల్లకు తిండిలోది కూడా ఆపితే ఎముకలు దెబ్బతింటాయి. ఎవరైనా నీరసమని విటమిన్ డి, కాల్షియం టానిక్కులు సొంతంగా కొనిపెడితే అదీ నష్టమే, మూత్రంలో కాల్షియం ఇంకా పెరుగుతుంది. ఏది ఎంత ఇవ్వాలో రక్తం, మూత్రం చూసే వాళ్లు చెప్పాలి.

నీళ్లు మాత్రం ధారాళంగా ఇవ్వండి. అడిగినప్పుడల్లా, రాత్రి కూడా.

బాణసవాడి_పద్మ | మంగళవారం, మధ్యాహ్నం 1:20

పాపకు త్వరగా నయం కావాలి అక్కా. నాకొక అనుమానం, తెలిసినవాళ్లు చెప్పండి. టైట్ జంక్షన్ అంటే గట్టిగా మూసి ఉంచేది కదా. మూసి ఉంచే ప్రోటీన్ పాడైతే సందులోంచి కారిపోవాలి. డాక్టరు గారేమో దారి లేకుండా పోయిందంటున్నారు. వీడియోల్లో 'లీకీ గట్' (పేగు గోడ కారడం) అని చెప్పేది కూడా ఈ టైట్ జంక్షన్ గురించే. అక్కడ కారడం, ఇక్కడ మూసుకుపోవడం. రెండూ ఎలా నిజమవుతాయి?

గుంటూరు_టు_జీకేవీకే | మంగళవారం, రాత్రి 11:48

పద్మగారూ, అడగాల్సిన ప్రశ్న అడిగారు. నేను ఉత్తర బెంగళూరులో ఒక ల్యాబులో ఈ కణాలనే పెంచుతుంటాను. కాస్త పొడుగ్గా రాస్తాను, ఓపిక పట్టండి.

ఎలక్ట్రాన్ మైక్రోస్కోపులో ఈ జంక్షన్‌ను 1963లో ఫార్కర్, పలాడే వివరంగా చూపించారు. ఇందులో రెండు కణాల పొరలు దాదాపు అతుక్కుపోయి ఉంటాయి. చూసినవాళ్లెవరైనా ఇది సీలు అనుకుంటారు, అప్పుడూ అలాగే అనుకున్నారు. ఆ సీలు దేనితో తయారైందో తేలడానికి 30 ఏళ్లు పట్టింది. జపాన్‌లో షోయిచిరో త్సుకితా బృందం కోడి కాలేయంలోంచి 1993లో ఆక్లూడిన్ అనే ప్రోటీన్‌ను పట్టుకుంది. దొరికేసిందనుకున్నారు. తీరా ఆక్లూడిన్ తీసేసిన కణాలు కూడా టైట్ జంక్షన్లు చక్కగా కట్టుకున్నాయి! ఇంకేదో ఉండాలని వాళ్లు మళ్లీ అదే కోడి కాలేయంతో మొదలుపెట్టారు. 1998లో క్లాడిన్-1, క్లాడిన్-2 బయటపడ్డాయి. లాటిన్‌లో 'మూయు' అనే అర్థమున్న మాటలోంచి ఆ పేరు పెట్టారు. ఇప్పుడు మనిషిలోనే 20కి పైగా క్లాడిన్లు తెలుసు. త్సుకితా 2005లో, 52 ఏళ్లకే చనిపోయారు. ఆయన బృందం వేసిన పునాది మీదే ఇవాళ మా ల్యాబులన్నీ నడుస్తున్నాయి.

పేరులో మూత ఉంది కానీ, పనిలో తేడా ఉంది. మా దగ్గర కుక్క కిడ్నీ కణాలుంటాయి. 1958లో మాడిన్, డార్బీ అనే ఇద్దరు ఒక కాకర్ స్పానియల్ కుక్క కిడ్నీ నుంచి తీసిన కణాల సంతతి అది, ఇప్పటికీ ప్రపంచమంతా పెరుగుతూనే ఉంది. చిల్లుల పొర మీద వాటిని పరిచినట్టు పెంచి, పైనొక ఎలక్ట్రోడు కిందొక ఎలక్ట్రోడు పెట్టి కరెంటుకు ఎంత అడ్డు పడుతుందో, అంటే నిరోధం, కొలుస్తాం. సందులు బిగుతుగా ఉంటే నిరోధం ఎక్కువ. ఈ కణాల్లో రెండు రకాలున్నాయి. ఒకదాని నిరోధం వేల ఓముల్లో ఉంటుంది, రెండోదానిది ఎంతో తక్కువ. మైక్రోస్కోపులో చూస్తే రెండింటి జంక్షన్లూ ఒకేలా ఉంటాయి. తేడా ఎక్కడుందో ఎవరికీ అంతుపట్టలేదు. 2001లో త్సుకితా బృందమే బిగుతు రకం కణాల్లోకి క్లాడిన్-2ను చేర్చింది. నిరోధం దభాలున పడిపోయింది. టైట్ జంక్షన్ ప్రోటీన్‌ను ఒకటి ఎక్కువ పెడితే బిగుతు పెరగాల్సింది పోయి కారడం మొదలైంది.

మన వైపు చెరువుకట్ట తలుచుకోండి. కట్ట పని నీళ్లు ఆపడమే. అదే కట్టలో తూము కూడా ఉంటుంది. కట్టతో పాటు కట్టిందే, కట్టలో భాగమే, దాని పని మాత్రం నీళ్లు వదలడం. క్లాడిన్లలో కొన్ని కట్ట లాంటివి, కొన్ని తూము లాంటివి. చర్మంలో క్లాడిన్-1 కట్ట. అది లేని ఎలుక పిల్లలు పుట్టిన రోజే ఒంట్లో నీళ్లు ఆరిపోయి చనిపోతాయి. మెదడు రక్తనాళాల్లో క్లాడిన్-5 కట్ట. అది లేకపోతే చిన్న చిన్న అణువులు మెదడులోకి జొరబడతాయి. క్లాడిన్-2, పాప రిపోర్టులో ఉన్న క్లాడిన్-16 తూములు. కట్ట తెగితే ఊరు మునుగుతుంది, తూము పూడిపోతే చేను ఎండుతుంది. పాపకు తూము పూడింది. నీళ్లున్నాయి, చేనుకు ఎక్కడం లేదు.

లీకీ గట్ గురించి రెండు మాటలే. పేగుల్లో కట్ట సడలడం నిజమే. క్రోన్స్ లాంటి పేగు వాపుల్లో క్లాడిన్-2 పెరగడం చూశారు. కానీ దాన్ని కొలుస్తామని జోనులిన్ (పేగుల్లో ఈ జంక్షన్లను సడలించే ప్రోటీన్) కిట్లు అమ్ముతున్నారు చూడండి, బజార్లో దొరికే ఆ కిట్లు కొన్ని కొలిచేది అసలు జోనులిన్ కానే కాదని పరిశోధకులు చూపించారు. దాని మీద డబ్బులు తగలేయకండి.

పెనుకొండ_కోట | బుధవారం, ఉదయం 5:50

అన్నా, తూము అన్న మాటతో నాకు ఒక్కసారిగా తెలిసిపోయింది. మా తాత చెరువు నీరుగంటి. తూములో పూడిక పడితే ఆయన రాత్రనక లేచి పోయేవాడు. పొద్దున్నే మా ఆయనకు చదివి వినిపించినా.

కానీ ఒకటి అడగాల. తూము తెరిచినా నీళ్లు పల్లానికే పోతాయి గదా. ఈ మెగ్నీషియంను రక్తం వైపే పొమ్మని ఏది తోస్తుంది?

గుంటూరు_టు_జీకేవీకే | బుధవారం, రాత్రి 9:30

చెల్లీ, నీరుగంటి మనవరాలివి కాబట్టే ఆ ప్రశ్న వచ్చింది. ఇక్కడ పల్లం కరెంటు.

ఆ మందపాటి భాగంలో కణాలు గొట్టంలోంచి సోడియం, పొటాషియం, క్లోరైడ్‌లను కలిపి లోపలికి లాగుతాయి. లాగిన పొటాషియం మళ్లీ గొట్టంలోకే కారుతుంది. పొటాషియంకు ధనావేశం ఉంటుంది కాబట్టి గొట్టం లోపలి వైపు కొద్దిగా ధనావేశం పేరుకుంటుంది, కొన్ని మిల్లీవోల్టులంతే. మెగ్నీషియం, కాల్షియం కూడా ధనావేశంవే. ఒకే ఆవేశాలు ఒకదాన్నొకటి నెడతాయి. ఆ నెట్టుడికి అవి సందు వెతుక్కుంటాయి. క్లాడిన్-16 బయటికి చాచిన మొదటి మెలికలో ఋణావేశం ఉన్న అమైనో ఆమ్లాలు గుంపుగా ఉంటాయి. అవి రమ్మని పిలుస్తాయి.

1999లో ఈ జన్యువును యేల్ విశ్వవిద్యాలయంలోని లిఫ్టన్ బృందం, ఇలాంటి జబ్బున్న కుటుంబాల్లోనే కనిపెట్టింది. అప్పుడు పారాసెల్లిన్-1 అన్నారు. ఒక్క జన్యువు పోతే సందులోంచి జరిగే మెగ్నీషియం, కాల్షియం రవాణా దెబ్బతింటుందని మొదటిసారి మనుషుల్లో తేలింది అప్పుడే. నాకు ఈ కథలో అన్నిటికన్నా విలువైన ఘట్టం ఇదే. అంతకు ముందు సందు అంటే ఏదో ఖాళీ జాగా, దానికి నియమమేముంటుంది అన్నట్టు చూసేవాళ్లు. జబ్బు పడిన పిల్లల వల్ల దానికో కాపలాదారు ఉన్నాడని తెలిసింది. తర్వాతి ఏడాదే జపాన్ నల్లజాతి పశువుల్లో కిడ్నీ పాడై చనిపోయే దూడలకూ ఇదే జన్యువు లోపించిందని తేలింది.

ఒక చిక్కు కూడా చెప్పాలి, దాచకూడదు. కణాల్లో పెట్టి చూస్తే క్లాడిన్-16 మెగ్నీషియం కన్నా సోడియంకే ఎక్కువ దారి ఇస్తున్నట్టు కనపడింది. అందుకని అది నేరుగా మెగ్నీషియం తూమా, లేక సోడియంను వెనక్కి వదిలి ఆ కరెంటు పల్లాన్ని నిలబెడుతుందా అని వాదన నడిచింది. క్లాడిన్-19 అనే జోడీ దాని పక్కన ఉంటేనే అది సరిగ్గా పనిచేస్తుందనేది మాత్రం స్థిరపడింది.

ఇంకో తోడు కూడా ఉంది, క్లాడిన్-14. అది తూముకు వేసే అడ్డుపలక. రక్తంలో కాల్షియం ఎక్కువైతే కిడ్నీ ఆ పలక దించేస్తుంది, కాల్షియం మూత్రంలోకి పోతుంది. మామూలు కిడ్నీ రాళ్లు వచ్చేవాళ్లలో ఈ క్లాడిన్-14 జన్యువులో తేడాలు ఎక్కువగా ఉన్నాయని 2009లో ఐస్‌లాండ్, నెదర్లాండ్స్ ప్రజల మీద జరిగిన అధ్యయనంలో కనపడింది. మదనపల్లె మామగారి ఇంట్లో రాళ్లకూ, పాప కిడ్నీకీ చుట్టరికం ఉందంటే అది ఇక్కడే ఉంది.

కోలారు_పళ్లడాక్టరు | గురువారం, మధ్యాహ్నం 3:10

అమ్మా, కేఆర్ పురంలో నా క్లినిక్. ఒక్క ప్రశ్న. పాప పళ్లెట్లున్నాయి? పచ్చగా, ఎనామిల్ పలచగా ఉండి, అంచులు రాలుతున్నాయా?

పెనుకొండ_కోట | గురువారం, మధ్యాహ్నం 3:25

ఉన్నాయి సార్! మీకెట్ల తెలిసింది? చిన్నప్పటి నుంచీ పచ్చగానే ఉన్నాయి. కొరికితే పెచ్చులు లేస్తాయి, చల్లనిది తాగితే జివ్వుమంటాయంటుంది. మా ఊర్లో అందరూ ఫ్లోరైడు నీళ్లే తల్లీ అన్నారు. అక్కడ చానామందికి గారపళ్లే. మేమూ అదే అనుకున్నాము.

కోలారు_పళ్లడాక్టరు | గురువారం, మధ్యాహ్నం 3:55

మాది కోలారు, మాకూ ఫ్లోరైడు నీళ్లే. అందుకే అడిగినాను. అనంతపురం, కోలారు వైపు పచ్చ పన్ను కనపడితే ఎవరమైనా ఫ్లోరోసిస్ అని రాసేస్తాము. ఇంక చూడము.

తేడా చెబుతాను, ఇది చదివే వేరే తల్లిదండ్రులకూ పనికొస్తుంది. ఫ్లోరోసిస్ ఎక్కువగా శాశ్వత దంతాల్లో కనపడుతుంది. తెల్లటి మచ్చలు, అడ్డగీతలు, తర్వాత గోధుమరంగు. అదే నీళ్లు తాగే పక్కింటి పిల్లలకూ ఉంటుంది. పాలపళ్లకే ఎనామిల్ పలచబడి పచ్చగా ఉంటే, అన్నదమ్ములకు లేకుండా ఒక్క బిడ్డకే ఉంటే, వేరే కారణం వెతకాల. ఎనామిల్ తయారుచేసే కణాల నడుమ కూడా క్లాడిన్-16 ఉంటుందని, ఈ జబ్బున్నవాళ్లకు ఎనామిల్ సరిగ్గా ఏర్పడదని 2016లో వచ్చిన పరిశోధనలో చూపించారు. కిడ్నీలో ఏ ప్రోటీన్ పోయిందో పంట్లోనూ అదే పోయింది.

నా మనసులో బాధ ఏమంటే, మీ పాప మూడేండ్లప్పుడు ఎవరో ఒక పళ్లడాక్టరు నోరు తెరిచి చూసి, దాహం ఎక్కువా, రాత్రి లేస్తుందా అని అడిగి, ఒక మూత్ర పరీక్ష రాసుంటే ఫిట్స్ దాకా వచ్చేది కాదు. నేనే ఎంతమందిని అట్ల పంపించినానో అని రెండు రోజులుగా ఆలోచిస్తున్నాను.

రెండో_కిడ్నీ | గురువారం, రాత్రి 10:05

అక్కా, నేను చెన్నై. ఇంట్లో తెలుగు, వీధిలో తమిళం. నాకు 31. నాకూ ఇదే జబ్బు, ఇదే క్లాడిన్-16. 11 ఏళ్లప్పుడు తెలిసింది, అప్పటికి ఆలస్యమైంది. అందుకే మీకు రాస్తున్నాను.

రోజూ ఎలా ఉంటుందో చెబుతాను. మెగ్నీషియం మాత్రలు ఒకేసారి ఎక్కువ వేస్తే విరేచనాలు పట్టుకుంటాయి, వేసింది వేసినట్టే పోతుంది. కొంచెం కొంచెంగా రోజులో నాలుగైదు సార్లు వేసుకునేవాణ్ణి. డోసు మీ డాక్టరు చెప్పినట్టే, ఎలా విడగొట్టాలో మాత్రం అడగండి. మూత్రంలో కాల్షియం తగ్గడానికి థయాజైడ్, సున్నం గట్టిపడకుండా పొటాషియం సిట్రేటు ఇచ్చారు. వేళ్లలో చీమలు పాకినట్టు, పెదవుల చుట్టూ తిమ్మిరి అనిపిస్తే మెగ్నీషియం పడిపోతోందని గుర్తు. పాపకు ఆ మాట నేర్పండి. నాకు ఎవరూ నేర్పలేదు, ఆటల్లో పడిపోయేదాకా చెప్పేవాణ్ణి కాదు.

దీన్ని చెప్పకుండా ఉండలేను. మందులు ఎంత వేసినా నా కిడ్నీలు 18 ఏళ్లకు ఆగిపోయాయి. అందరికీ అలా కాదు. జన్యువులో మార్పు ఎలాంటిదన్నదాని మీద ఉంటుందట. తూము పూర్తిగా పోయినవాళ్లకు తొందరగా, కొంచెమైనా పనిచేసేవాళ్లకు ఆలస్యంగా. 19 ఏళ్లకు నాకు కిడ్నీ మార్చారు. తమిళనాడులో 2008లో మొదలైన అవయవదాన పథకంలో పేరు రాయించుకుంటే, ఎవరో పుణ్యాత్ముడి ఇంట్లోవాళ్లు ఇచ్చారు. ఆ ఇంటివాళ్లెవరో నాకు తెలియదు. ఏటా ఆ తేదీన నేను ఒంటిపొద్దు ఉంటాను.

ఆపరేషన్ అయ్యాక ఒకసారి మెగ్నీషియం మళ్లీ తగ్గింది. జబ్బు తిరిగొచ్చిందని రెండు రాత్రులు నిద్రపోలేదు. డాక్టరు కూర్చోబెట్టి చెప్పారు: ఇది కొత్త కిడ్నీని ఒళ్లు తోసేయకుండా ఇచ్చే టాక్రోలిమస్ మందు వల్ల వచ్చింది, కొత్త కిడ్నీ కణాలు వేరే మనిషివి, వాటిలో క్లాడిన్-16 చక్కగా ఉంది, ఈ జబ్బు ఆ కిడ్నీకి రాదు. ఇప్పుడు రాత్రి లేవకుండా నిద్రపోతాను. 19 ఏళ్ల దాకా ఒక్క రాత్రి కూడా అలా పోలేదు.

పెనుకొండ_కోట | శుక్రవారం, రాత్రి 11:30

తమ్ముడూ, నీ రాత మూడుసార్లు చదివినా. ఏడ్చినా, మళ్లీ చదివినా. తిమ్మిరి మాట పాపకు నేర్పించినా. "చీమలు" అని చెప్పమన్నాము.

ఇంట్లో ఇంకో గొడవ. మా ఆయన మా అమ్మ తమ్ముడు అని చెప్పినా గదా. అంటే అమ్మమ్మే నాకు అత్త. ఆమె పట్టుబట్టి చేసిన పెండ్లి ఇది, ఆస్తి పోకూడదు, పిల్ల కండ్ల ముందర ఉండాల అని. ఇప్పుడు అన్నం ముట్టడం లేదు. నా వల్లే బిడ్డకు ఈ గతి పట్టింది అంటాంది. మా బాబుకు 4 ఏండ్లు, వాడికీ ఉందేమో అని మా ఆయన రాత్రంతా కూర్చుంటాడు. మేనరికం చేసుకున్నందుకే వచ్చిందా సార్? నిజం చెప్పండి.

అడయార్_తెలుగు | శనివారం, ఉదయం 7:00

నిజమే చెబుతానమ్మా.

ఈ జబ్బు రావాలంటే బిడ్డకు తల్లి వైపు నుంచి ఒకటి, తండ్రి వైపు నుంచి ఒకటి, ఆ జన్యువువి రెండు పాడైన కాపీలు రావాలి. ఒకటే ఉన్నవాళ్లు మామూలుగా బతికేస్తారు, కొందరికి రాళ్లు వస్తాయేమో అంతే. మీ ఇంట్లో ఆ కాపీ అమ్మమ్మ దగ్గరో తాతయ్య దగ్గరో ఉండి ఉండాలి. అక్కడి నుంచి మీ అమ్మకూ, ఆమె తమ్ముడైన మీ ఆయనకూ వచ్చింది. మీ అమ్మ నుంచి మీకొచ్చింది. మీ ఇద్దరి నుంచీ పాపకు ఆ ఒకే కాపీ రెండుసార్లు చేరింది. రిపోర్టులో హోమోజైగస్ అన్నది దాన్నే. బయటి సంబంధం చేసుకుని ఉంటే ఇలా రెండూ కలిసే అవకాశం చాలా చాలా తక్కువ. కాబట్టి మేనరికానికీ దీనికీ సంబంధం ఉంది. లేదంటే నేను అబద్ధం చెప్పినట్టు.

తప్పు అనేది వేరే మాట. ఆ కాపీ ఉన్నట్టు ఆమె ఒంట్లో ఏ గుర్తూ ఉండదు. ఇలాంటి దాగిన కాపీలు మనలో ప్రతి ఒక్కరి దగ్గరా కొన్ని ఉంటాయి, నా దగ్గరా ఉన్నాయి. ఎవరికి ఏది ఉందో తెలియదు. అమ్మమ్మగారికి ఈ మాటలు చదివి వినిపించండి. వీలైతే ఫోన్ చేయించండి, నేనే మాట్లాడతాను.

బాబు సంగతి. మీ ఇద్దరికీ ఒక్కో కాపీ ఉంది కాబట్టి ప్రతి కాన్పులోనూ జబ్బు వచ్చే అవకాశం నాలుగింట ఒక వంతు. వాడికి తప్పకుండా చూడాలి, లక్షణాలు వచ్చేదాకా ఆగొద్దు. రక్తంలో మెగ్నీషియం, మూత్రంలో కాల్షియం, ఒక స్కానింగ్, దాంతో పాటు జన్యు పరీక్ష. ఉంటే ఇప్పుడే మొదలుపెట్టొచ్చు, కిడ్నీలు చాలావరకు బాగున్నప్పుడే.

కంటి డాక్టరుకు కూడా ఒకసారి చూపించండి. క్లాడిన్-19 పోయినవాళ్లకు చూపు బాగా దెబ్బతింటుంది. పాపది 16 కాబట్టి అంత భయం లేదు.

మదనపల్లె_మామ | శనివారం, ఉదయం 9:40

డాక్టరు గారూ, అరటి దూట మాట నేను వెనక్కి తీసుకుంటున్నా. చిన్నబిడ్డ విషయంలో తెలియకుండా చెప్పకూడదు. అమ్మాయీ, మా ఇంట్లోనూ మూడు తరాలు మేనరికాలే. మీ అమ్మమ్మతో నేను మాట్లాడతా, నా వయసు వాళ్ల మాట ఆమెకు ఎక్కుతుంది. నంబరు విడిగా పంపించు.

పెనుకొండ_కోట | మూడు వారాల తర్వాత, ఆదివారం

అందరికీ నమస్కారం. రాయలేకపోయినా, ఆస్పత్రుల చుట్టూ తిరుగుతున్నాము.

బాబుకు ఒక్క కాపీనే ఉంది. మెగ్నీషియం మామూలుగా ఉంది, స్కానింగ్ శుభ్రంగా ఉంది. పాపకు మెగ్నీషియం 1.3కి వచ్చింది. 1.7కి రావడం కష్టమే, ఫిట్స్ రాకుండా ఇక్కడ నిలబెడితే చాలన్నారు. నాలుగు సార్లుగా విడగొట్టి ఇస్తున్నాము, తమ్ముడు చెప్పినట్టు. స్కూల్లో టీచరుకు డాక్టరు రాసిచ్చిన లెటరు ఇచ్చినాము. ఇప్పుడు పాప చేయెత్తకుండానే బాత్‌రూముకు పోవచ్చు, బల్ల మీద బాటిల్ పెట్టుకోవచ్చు. పోయిన వారం ఒకసారి "అమ్మా, చీమలు" అంది. వెంటనే తీసుకుపోయినాము. పడిపోలేదు.

పళ్లడాక్టరు గారూ, శనివారం పాపను తీసుకొస్తాము. దవడ పళ్లకు తొడుగులు వేస్తామన్నారు గదా.

మదనపల్లె మామ మా అమ్మమ్మతో గంటసేపు మాట్లాడినారు. ఏం చెప్పినారో ఆమె మాకు చెప్పలేదు. సాయంత్రం లేచి రాగిసంగటి కెలికింది.

ఇంకొక్కటి అడగాల డాక్టరు గారూ. మా చిన్నమామకు కూతురుంది, అంటే మా ఆయన తమ్ముని బిడ్డ. ఆ పిల్లను మా అన్నకు ఇవ్వాలని ఊర్లో మాట నడుస్తాంది. నిన్న నేనే ఫోన్ చేసినా, తాంబూలాలు మార్చుకోకముందే ఇద్దరికీ పరీక్ష చేయించమని. మామ కోప్పడినాడు, ఆ పిల్ల మాత్రం నాకు విడిగా ఫోన్ చేసి ఎక్కడ చేయించాలక్కా అని అడిగింది. మా పాపకు చేసినంత పెద్ద పరీక్ష చేయించాల్నా? దానికి చానా అయింది.

అడయార్_తెలుగు | ఆదివారం, రాత్రి 8:20

అంత పెద్దది అక్కర్లేదమ్మా. జన్యువులో మార్పు ఎక్కడుందో పాప రిపోర్టులో అక్షరం అక్షరం రాసి ఉంటుంది. ఆ ఒక్క చోటు మాత్రమే చూడమని అడిగితే చాలు, రెండు మిల్లీలీటర్ల రక్తంతో అయిపోతుంది, ఖర్చు కూడా పెద్ద పరీక్షలో చిన్న వంతే. పాప రిపోర్టు కాపీ ఒకటి ఆ అమ్మాయి చేతికివ్వండి, అది లేకుండా వెళితే మళ్లీ మొత్తం చేస్తారు. మీ అన్నకూ, ఆ అమ్మాయికీ ఇద్దరికీ ఒకేసారి చేయించండి. ఇద్దరిలో ఒక్కరికే కాపీ ఉన్నా పిల్లలకు ఈ జబ్బు రాదు.